ఆఫ్రికా యువరాజు, లండన్ అమ్మాయి: మీ నవల మూడో అధ్యాయం దగ్గర ఎందుకు ఆగిందంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కాలేజీ వయసు పాఠకుల కోసం తెలుగులో నవల రాస్తున్నారు. కాలం 1940లు, ఊరు లండన్. చదువుకోడానికి వచ్చిన ఆఫ్రికా యువరాజు, అక్కడి తెల్ల అమ్మాయి. మూడు అధ్యాయాలు హుషారుగా నడిచాయి, ఇద్దరూ ప్రేమించుకున్నారు, అక్కడితో బండి ఆగిపోయింది. "అందరూ వద్దంటారు, వీళ్ళు కావాలంటారు, అంతకు మించి కథ దొరకడం లేదు. పైగా ఇలాంటివి నిజంగా జరుగుతాయా అని మా ఫ్రెండ్ నవ్వింది" అని రాశారు.

జరిగింది. మీ ఫ్రెండ్‌కి సెరెట్సే ఖామా, రూత్ విలియమ్స్ అని రెండు పేర్లు చెప్పండి చాలు. మీ కథకు కావలసిన సరుకంతా వాళ్ళ జీవితంలోనే ఉంది. దాన్ని కాపీ కొట్టమని కాదు. మీ కథ ఎక్కడ ఆగిందో ఆ నిజం కథ అక్కడే మొదలైంది, అది చూపిద్దామని.

నేను ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పాను. సాయంత్రాలు ఒక వారపత్రికకు వచ్చే నవలలు చదివి, వేసుకోవచ్చా లేదా చెప్పేదాన్ని. రాజుల ప్రేమకథలు ఎన్ని చదివానో లెక్కలేదు. నేనూ ఒకటి రాశాను, వయసులో ఉన్నప్పుడు. సీరియల్‌గా వచ్చింది. కోట, దీపాలు, గుర్రం, హీరో కళ్ళల్లో విషాదం, అన్నీ పెట్టాను. ఎనిమిదో వారమో తొమ్మిదో వారమో తెనాలి నుంచి ఒక పాఠకురాలు కార్డు రాసింది. ఒకటే వాక్యం: "మీ యువరాజుగారు పొద్దున్న లేచి ఏం పని చేస్తారండీ?" నా దగ్గర జవాబు లేదు. నా యువరాజుకు పనే లేదు. మీ మూడు అధ్యాయాల్లో మీ యువరాజుకు కూడా లేదు. చదువు ఉంది, మంచి సూటు ఉంది, బరువైన చూపు ఉంది. ఊళ్ళో ఎవరు ఎదురుచూస్తున్నారు, ఏ తగువు తీర్చడానికి, అన్నది లేదు. అది లేకపోతే అతను రాజైనా ఒకటే, బ్యాంకు మేనేజరు కొడుకైనా ఒకటే.

సెరెట్సేకి పని ఉంది. 1921లో సెరోవేలో పుట్టాడు. అప్పట్లో ఆ దేశం పేరు బెచువానాలాండ్, బ్రిటిష్ రక్షణలోని ప్రాంతం. ఇప్పుడు బోట్స్వానా. తండ్రి 1925లో పోయాడు. నాలుగేళ్ళ పిల్లవాడు బమంగ్వాటో జనానికి ఖోసి అయ్యాడు. ఖోసి అంటే వాళ్ళ భాషలో రాజు, పెద్ద, న్యాయమూర్తి అన్నీ. పిల్లవాడు పెద్దయ్యేదాకా పాలన చూసింది బాబాయి షెకెడీ. పెంచిందీ ఆయనే. సౌతాఫ్రికాలో బడి, కాలేజీ, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఏడాది, ఆపైన లండన్‌లో ఇన్నర్ టెంపుల్ అనే బారిస్టర్ల సంస్థలో లా. చదువంతా ఒక్క ఉద్యోగం కోసమే. తిరిగి వెళ్ళి పీట మీద కూర్చోవాలి.

ఇక్కడ మీకు ఒక హెచ్చరిక. రాజు అనగానే మైసూరు ప్యాలెస్ రాయకండి. సెరోవేలో కోట లేదు. అప్పట్లో గడ్డి కప్పిన గుండ్రటి మట్టి ఇళ్ళతో పరుచుకున్న పెద్ద ఊరు. ఆస్తి అంటే పశువులు. పెళ్ళికి కన్యాశుల్కంగా అమ్మాయి వైపు వాళ్ళకు పశువులు ఇస్తారు, దాన్ని బొగాడి అంటారు. పెళ్ళి మాటల్లో మేనమామ మాటకు బరువుంది. మేనరికం అక్కడా ఉంది. ఇవన్నీ మన పాఠకులకు పాదటిప్పణి లేకుండా అర్థమవుతాయి. వాడుకోండి. "ఆఫ్రికా కదా, డప్పులూ సింహాలూ ఉండాలేమో" అనుకుని పెడితే మాత్రం మొదటి పేజీలోనే దొరికిపోతారు.

ఇప్పుడు అమ్మాయి. రూత్ 1923లో దక్షిణ లండన్‌లో పుట్టింది. తండ్రి ఒకప్పుడు ఇండియాలో సైన్యంలో పనిచేసి, తర్వాత టీ వ్యాపారంలోకి వెళ్ళినవాడు. యుద్ధం రాగానే ఆమె మహిళా వైమానిక దళంలో చేరి, వైమానిక స్థావరాల్లో అంబులెన్స్ నడిపింది. యుద్ధం అయ్యాక లాయిడ్స్ ఇన్సూరెన్స్ వ్యవహారాలు చూసే ఒక కంపెనీలో గుమాస్తా. 1947 జూన్‌లో మిషనరీ సొసైటీ వాళ్ళు పెట్టిన ఒక డాన్స్‌కి తోబుట్టువు మ్యూరియల్ తీసుకెళ్ళింది. పరిచయం చేసింది ఆమే. మొదటి చూపు ప్రేమ ఏమీ కాదు. ఇద్దరికీ జాజ్ పాటలంటే ఇష్టం, కచేరీలకు కలిసి వెళ్ళారు, అలా పెరిగింది. ఆమెకు ఇరవై మూడు, అతనికి ఇరవై ఆరు నిండబోతున్నాయి.

వయసులు ఎందుకు చెబుతున్నానంటే, హైదరాబాదు వాళ్ళెవరో వచ్చి "కోఠి రెసిడెన్సీ కథ ఉందిగా, దాన్ని రాయండి" అంటారు. నిజాం దగ్గర ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న తెల్ల రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఆయన పెళ్ళాడిన ఖైరున్నిసా బేగం. అది చరిత్రకు గొప్ప విషయం, కానీ ఆ పెళ్ళినాటికి ఆమె చిన్నపిల్ల. కాలేజీ పిల్లల ప్రేమకథగా దాన్ని వాడకండి.

సరే, మీ కథ ఆగిన చోటికి వద్దాం. మీరు అడ్డంకిని గోడలా కట్టారు. అందరూ ఒకే మాట అంటున్నారు, ఒకే కారణంతో: రంగు. రంగు నిజమే. కానీ జీవితంలో అడ్డుపడే ప్రతివాడికీ తన కారణం తనకుంటుంది, చాలామంది ఆ కారణం పైకి చెప్పరు, ఇంకొకరి మీదికి తోస్తారు. నా సలహా ఇంతే: ప్రతి అధ్యాయానికీ "వీళ్ళు ఎవరి అనుమతి అడుగుతున్నారు, వాళ్ళు దాన్ని ఎవరి మీదికి తోశారు" అని కాగితం మీద రాసుకోండి.

1948లో ఏం జరిగిందో చూడండి. సెరెట్సే పెళ్ళి చేసుకుంటున్నానని బాబాయికి ఉత్తరం రాశాడు. బాబాయి గుండెలు జారిపోయి టెలిగ్రాముల మీద టెలిగ్రాములు కొట్టాడు, లండన్‌లోని మిషనరీ పెద్దలను ఆపమన్నాడు. పెళ్ళి సెప్టెంబరు 25న కెన్సింగ్టన్‌లో ఒక చర్చిలో పెట్టుకున్నారు. మిషనరీ పెద్దలు పాదిరికి నచ్చజెప్పారు. పాదిరికి భయమేసింది. నేను చెయ్యలేను, బిషప్పుగారిని అడుగుదాం అన్నాడు. బిషప్పు దగ్గర్లోనే ఇంకో చర్చిలో ఉన్నారు. పెళ్ళికి తయారై వచ్చిన జంట అక్కడికి వెళ్ళి, ఆయన చేస్తున్న పూజాకార్యక్రమం పూర్తయ్యేదాకా కూర్చుంది. తర్వాత బిషప్పు అన్న మాట: ప్రభుత్వం ఒప్పుకుంటే చేస్తాం.

ఆ కూర్చోవడం ఉంది చూశారూ, నేనైతే దాని మీదే ఒక అధ్యాయం రాస్తాను. ఎవరూ అరవరు. ఎవరూ తిట్టరు. అవతల ప్రార్థన నడుస్తుంటుంది, వీళ్ళు వెనక బెంచీ మీద. అమ్మాయి చేతిలో పూలు ఉన్నాయా, లేక దారిలో ఎవరికైనా ఇచ్చేసిందా? అబ్బాయి గడియారం చూసుకుంటున్నాడా? మ్యూరియల్ లాంటి తోబుట్టువు ఉంటే ఆమె ఏం చేస్తోంది? మీ నవలలో హీరో తండ్రి మెట్ల మీద నిలబడి రెండు పేజీల డైలాగు కొట్టాడు. దానికన్నా ఈ బెంచీ ఎక్కువ నొప్పి పెడుతుంది.

దీనికి పది నెలల ముందు, 1947 నవంబరులో, అదే నగరంలో ఎలిజబెత్ రాకుమారి పెళ్ళి జరిగింది. పెళ్ళి గౌనుకు బట్టల కూపన్లు లెక్కపెట్టుకోవలసిన రేషన్ రోజులు, అయినా వెస్ట్‌మినిస్టర్ అబ్బే నిండిపోయింది. ఇక్కడ ఇంకో రాజుకు పెళ్ళి చేసుకోడానికి చర్చి దొరకలేదు. మీరు ఒక్క ముక్క వ్యాఖ్య రాయక్కర్లేదు. హీరోయిన్ ఆఫీసులో ఎవరో ఆ రాకుమారి ఫొటో గోడకు అంటించి ఉంచారని రాస్తే చాలు.

నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 29న, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేశారు. అబ్బాయికి ఇరవై ఏడు, అమ్మాయికి ఇరవై నాలుగు. చాలా నవలలు ఇక్కడ ముగుస్తాయి. మీది ఇక్కడ సగానికి రావాలి.

బాబాయిని విలన్ చెయ్యొద్దు. ఇది నా గట్టి మాట. షెకెడీ తెల్లవాళ్ళ తొత్తు కాదు. 1933లో అక్కడి ఆడవాళ్ళ జోలికి పోతున్న ఒక తెల్ల కుర్రాడికి తన న్యాయసభలో కొరడా శిక్ష వేశాడని, బ్రిటిష్ వాళ్ళు ఒక నౌకాదళాధికారిని ఫిరంగులతో సహా ఆ ఎడారి ఊరికి పంపి, ఆయన్ని పదవి నుంచి తప్పించారు. కొద్ది వారాల్లో మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి మనిషి, కొడుకులా పెంచిన కుర్రాడి పెళ్ళికి అడ్డుపడ్డాడు. ఎందుకు? ఖోసి భార్య అంటే ఒకడి భార్య కాదు, జనం తల్లి. ఆమెను ఎంచుకోవడంలో జనానికి మాట ఉండాలి. వీడు అడగలేదు. ఆయన కోపంలో సగం దీని గురించే. ఈ మాట మీ పెద్దనాన్నో మామయ్యో అన్నట్టు వినిపించడం లేదూ? అలాగే రాయండి. పాఠకురాలు ఒక పేజీ సేపు ఆయన పక్షాన నిలబడాలి.

ఇక ఆ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఖోట్లా. అంటే ఊరి సభ. కర్రలు పాతిన అర్ధచంద్రాకారపు ఆవరణ, జనం నేల మీదా చిన్న పీటల మీదా కూర్చుంటారు, మగవాళ్ళలో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఖోట్లాలో పలికిన మాటలన్నీ అందమైనవే అని వాళ్ళ సామెత, అంటే చేదుమాట అన్నా నోరు మూయించకూడదని. రాజు రాజయ్యేది జనం వల్ల అని ఇంకో సామెత. 1948 నవంబరులో సెరెట్సే ఒక్కడే వెళ్ళి సభ ముందు నిలబడ్డాడు. సభ కుదరదంది. డిసెంబరులో మళ్ళీ కూర్చున్నారు, కొంత మెత్తబడింది. 1949 జూన్‌లో మూడోసారి. ఈసారి వేలమంది. తన భార్యను ఒప్పుకోని వాళ్ళు లేవమన్నాడు. పెద్దల్లో కొద్దిమంది లేచారు. ఒప్పుకునేవాళ్ళు లేవమన్నాడు. సభ సభంతా లేచింది. 'పులా' అని కేకలు. పులా అంటే వాన. ఎండిన దేశం కదా, వాళ్ళకు జేజేలు కూడా వానే. ఇప్పుడు వాళ్ళ రూపాయి పేరు కూడా అదే.

పాదిరి బిషప్పు మీదికి తోశాడు, బిషప్పు ప్రభుత్వం మీదికి తోశాడు. జనాన్ని నేరుగా అడిగిన చోటు ఇదొక్కటే. మీ కథకు మధ్యభాగం ఇదే. మూడుసార్లు అడగడం, మూడుసార్లూ జవాబు మారడం. ఒక్క సభలో ఒక్క ఉపన్యాసంతో మనసులు మార్చేయకండి. మొదటి సభలో ఓడిపోయిన రాత్రి అతను భార్యకు ఏమని రాశాడో రాయండి.

ఇంకో సంగతి. అప్పట్లో ఆ సభ మగవాళ్ళది, ఆడవాళ్ళకు అక్కడ మాట లేదు. రూత్ అయితే ఆ దేశంలోనే లేదు, వేల మైళ్ళ దూరంలో లండన్‌లో ఉంది. తన జీవితం గురించి తను లేని చోట ఓటు పడింది. హీరోయిన్‌ని అక్కడికి తీసుకొచ్చి ఆవేశంగా మాట్లాడించాలని మీ చెయ్యి దురద పెడుతుంది. వద్దు. ఆమె టెలిగ్రాము కోసం ఎదురుచూడటం రాయండి. ఆగస్టులో ఆమె సెరోవే చేరింది. భాష రాదు, నీళ్ళకు కటకట, చుట్టుపక్కల తెల్లవాళ్ళు ఇంటికి పిలవరు. దారి చూపింది అక్కడి ఆడవాళ్ళు. సభలో నోరు లేని ఆ ఆడవాళ్ళకు మీ నవలలో బోలెడు చోటుంది.

జనం ఒప్పుకున్నాక అడ్డంకి ఎక్కడిది? అసలు కథ అదే. పక్కన సౌతాఫ్రికాలో 1948లో వర్ణవివక్షను సమర్థించే మలాన్ పార్టీ గెలిచింది. 1949లో తెల్లవాళ్ళకూ మిగతావాళ్ళకూ పెళ్ళిళ్ళు నిషేధిస్తూ చట్టం తెచ్చారు. సరిహద్దు అవతల ఒక నల్ల రాజు, తెల్ల రాణి కాపురం చేస్తుంటే వాళ్ళకు నిద్ర పట్టదు. బ్రిటన్‌కు సౌతాఫ్రికా బంగారం కావాలి, అణుబాంబుకు యురేనియం కావాలి. ఒక న్యాయమూర్తితో విచారణ వేశారు. సెరెట్సే పాలించడానికి తగినవాడే, జనానికీ అతనే కావాలి, అడ్డం వస్తున్నది పొరుగు దేశాల అభ్యంతరం అని ఆయన రాసిచ్చాడు. ఆ నివేదికను ముప్ఫై ఏళ్ళు బయట పెట్టలేదు. పైకి మాత్రం సౌతాఫ్రికా ఒత్తిడి ఏమీ లేదని బుకాయించారు.

1950 ఫిబ్రవరిలో మాట్లాడుకుందాం రమ్మని ఇద్దర్నీ లండన్ పిలిచారు. వీళ్ళకు అనుమానం వచ్చింది. రూత్ కడుపుతో ఉంది, ఆమె కదల్లేదు, అతనొక్కడే వెళ్ళాడు. ఏడాదికి 1,100 పౌండ్లు ఇస్తాం, పదవి వదులుకో అన్నారు. అతను వద్దన్నాడు. అయితే నీ దేశానికి నువ్వు వెళ్ళడానికి లేదు, ఐదేళ్ళు, అన్నారు. అతన్ని తోలేస్తే ఆమె ఊరుకుంటుందా? ఆమె సెరోవేలోనే ఉండిపోయింది. మే నెలలో అక్కడే ఆడపిల్ల పుట్టింది. చూశారా, రాజు లండన్‌లో, లండన్ అమ్మాయి రాజు ఊళ్ళో. ఇంత మలుపు నేను కల్పించి ఉంటే "మరీ సినిమాలా ఉంది" అని మా ఎడిటరు గారే కొట్టేసేవారు. తర్వాత ముగ్గురూ ఇంగ్లండ్ చేరారు. 1952లో, ప్రభుత్వం మారాక, ఆ ఐదేళ్ళను శాశ్వతం చేశారు.

రాసేటప్పుడు ఈ రాజకీయాన్ని పాఠంలా చెప్పకండి. యురేనియం అన్న మాట హీరోకు ఎప్పటికీ తెలియకపోయినా ఫరవాలేదు. ఎదుటి ఆఫీసరు చాలా మర్యాదగా టీ పోస్తూ, కళ్ళల్లోకి చూడకుండా ఉంటే చాలు.

భాష గురించి. ఇంగ్లీషులో ప్రేమికులకు ఒకటే 'యూ'. మనకు 'మీరు', 'నువ్వు' రెండున్నాయి, వాటి మధ్య ఉన్న గుమ్మం దాటడమే సగం ప్రేమకథ. మీ మూడో అధ్యాయంలో ముద్దు తర్వాత 'నువ్వు' మొదలైంది. అందరూ అక్కడే పెడతారు. నేనైతే ఇలా పెడతాను: ఆ రోజుల్లో లండన్‌లో నల్లవాళ్ళకు గదులు ఇవ్వం అని చాలా ఇళ్ళవాళ్ళు మొహం మీదే చెప్పేవారు. ఇద్దరూ గది కోసం తిరుగుతున్నారు, నాలుగో తలుపు కూడా మూసుకుంది, వాన. ఆమె గొడుగు తెరుస్తూ "ఇటు రా, తడుస్తున్నావు" అంటుంది. అంతవరకూ 'మీరు' అన్న మనిషి. ఇద్దరూ గమనించరు, పాఠకురాలు గమనిస్తుంది. సెరోవేలో అయితే పేరుకు ముందు గౌరవంగా 'ర్రా', 'మ్మా' అంటారు, మగవాళ్ళకు ఒకటి ఆడవాళ్ళకు ఒకటి, దాదాపు మన 'అండీ'. ఆ ఊళ్ళో ఒక ముసలావిడ మొదటిసారి హీరోయిన్‌ని 'మ్మా' అన్న రోజు మీకు ఇంకో సీను.

రంగు వర్ణన: కాఫీ, చాక్లెట్, తేనె, ఇవన్నీ తీసెయ్యండి. మనిషి తినే వస్తువు కాదు. మనకు ఇంకో తద్దినం కూడా ఉంది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి కాస్త ఛాయ తక్కువ" అనుకునే ఇళ్ళల్లో పెరిగి రాస్తున్నాం, ఆ చూపు తెలియకుండానే వాక్యంలోకి వస్తుంది. మీ రెండో అధ్యాయంలో "నల్లవాడైనా అందగాడే" అని ఉంది. ఆ 'అయినా' కొట్టేయండి. ఇక కులం సంగతి. పాఠకులు ఈ కథలో కులాంతర వివాహాన్ని చూస్తారు, చూడనివ్వండి. మీరు వేలు పెట్టి చూపించొద్దు.

ముగింపు ఎలా అని చివర్లో అడిగారు. పుదుక్కోట రాజు మార్తాండ భైరవ తొండైమాన్ 1915లో ఆస్ట్రేలియా అమ్మాయి మాలీ ఫింక్‌ని పెళ్ళి చేసుకున్నాడు. బ్రిటిష్ వాళ్ళు ఆమెను రాణిగా గుర్తించలేదు, కొడుక్కి గద్దె దక్కలేదు, వాళ్ళు చివరికి ఐరోపాలో స్థిరపడ్డారు, ఆయన 1928లో పారిస్‌లో పోయాడు. అదొక ముగింపు. సెరెట్సేది వేరు. వాళ్ళ జనం ఇంకో ఖోసిని ఎన్నుకోం పొమ్మని మొండికేశారు. సర్కారుకు దిక్కు తోచలేదు. చివరికి 1956లో, తనకూ పిల్లలకూ గద్దె వద్దని రాసిచ్చి, మామూలు పౌరుడిగా భార్యాపిల్లలతో ఇంటికి వెళ్ళాడు. బాబాయితో రాజీ కూడా అప్పుడే. తర్వాత పార్టీ పెట్టాడు. 1965 ఎన్నికల్లో 31 సీట్లలో 28 గెలిచాడు. 1966 సెప్టెంబరు 30న దేశానికి స్వాతంత్ర్యం, అతనే మొదటి అధ్యక్షుడు. సరిగ్గా పద్దెనిమిదేళ్ళ ఒక రోజు, ఆ రిజిస్ట్రారు ఆఫీసు సంతకాలకు. జెండా చూడండి, నీలం మధ్యలో నల్లపట్టీ, దానికి అటూ ఇటూ తెల్ల అంచు. అతను 1980లో పోయాడు. రూత్ లండన్ తిరిగి వెళ్ళలేదు. 2002లో పోయాక ఆమెను కూడా సెరోవేలో అతని పక్కనే సమాధి చేశారు.

మీ నవలకు ఇంత దూరం అక్కర్లేదు. కాలేజీ పిల్లల కథ కాబట్టి 1956లో ఇంటికి వెళ్ళే చోటే ఆపొచ్చు, ఇంకా ముందే, మూడో సభ అయిపోయి టెలిగ్రాము లండన్ చేరిన చోట కూడా ఆపొచ్చు. నాకు రెండోది ఇష్టం.

ముందు మూడో అధ్యాయం తిరగరాసి ఇక్కడే పెట్టండి. డాన్స్ సీను ఉంచండి, బాగుంది. తండ్రి మెట్ల ఉపన్యాసం తీసేసి ఆ చర్చి బెంచీ పెట్టండి. అన్నట్టు, మీ హీరో బాబాయికి ఇంకా పేరే పెట్టలేదు మీరు.